వారసత్వపు సైకిలు

పాఠ్యభాగ పరిచయం

ఇంట్లో ఒకరు వాడి విడిచిన వస్తువు మరొకరికి అందడం మన కుటుంబాలలో సహజం. అన్న చొక్కా తమ్మునికి, అక్క పుస్తకాలు చెల్లెలికి, తాత సైకిలు మనవనికి చేరుతుంటాయి. ఆ వస్తువును తిరిగి వాడుకలోకి తేవడానికి కొంత నేర్పు, కొంత ఓర్పు, అన్నిటికంటే ముఖ్యంగా వివేచన కావాలి. పరిమితమైన ధనంతో పాత సైకిళ్ళను కుటుంబమంతా తిరుగాడగలిగే స్థితికి తెచ్చిన ఒక అనుభవాన్ని ఈ వ్యాసం తెలుపుతుంది. ఏది ముందు, ఏది తరువాత అని నిర్ణయించుకొనే శక్తిని విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

మా ఇంటి వెనుక పశువుల కొట్టంలో మూడు సైకిళ్ళు ఉండేవి. ఒకటి మా తాతయ్యది. ఆయన ఊరూరా ఉత్తరాలు బట్వాడా చేసిన రోజులలో 1968లో కొన్నది. ఎత్తయిన ఫ్రేము, వెనుక పెద్ద క్యారియరు, పైకడ్డీ మీద తపాలా సంచి రాపిడికి రంగు పోయి తేలిన ఉక్కు, ఇవి దాని గుర్తులు. రెండవది మా మేనత్తది. పెళ్ళికి ముందు ఆమె టైపు నేర్చుకోవడానికి మండల కేంద్రానికి దాని మీదనే వెళ్ళేది. పైకడ్డీ లేని ఆడవాళ్ళ సైకిలు అది. మూడవది గుంటూరులోని బంధువుల పిల్లలు తొక్కి, ఎదిగి, మా తమ్ముని కోసం పంపిన చిన్న సైకిలు. మూడింటికీ తుప్పు పట్టింది. టైర్లు నేలకు అతుక్కుపోయాయి. వాటి మీద కోళ్ళు నిద్రించేవి.

2012 వేసవిలో మా చెల్లెలు పదవ తరగతి ఉత్తీర్ణురాలయింది. జూనియర్ కళాశాల మా ఊరికి ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్నది. ఉదయం వచ్చే ఒక్క బస్సు వేళ మారింది. ఆ బస్సు ఎక్కితే మొదటి రెండు తరగతులు పోతాయి. ఆటోకు రోజూ డబ్బు పెట్టే స్థితి మాకు లేదు. “ఈ యేడు ఆగుదాంలే, వచ్చే యేడు చూద్దాం” అన్నారు నాన్న. ఆగిన చదువు మళ్ళీ సాగడం ఎంత కష్టమో మా ఊళ్ళో చాలా ఇళ్ళలో చూశాము. ఆ మాట విని చెల్లి ఏమీ అనలేదు. ఆ సాయంత్రం కొట్టంలోకి వెళ్ళి అత్తయ్య సైకిలు మీది కోళ్ళను తోలి, దానిని వాకిట్లోకి లాగింది. ఆమెకు అడ్డు చెప్పలేక నాన్న నా చేతికి 2,000 రూపాయలు ఇచ్చారు. “మూడూ బాగుచేయించు. ఇంతకు మించి నా దగ్గర లేదు” అన్నారు.

నేను అప్పుడే ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాను. నాకు సైకిలు తొక్కడం వచ్చు కాని, దాని లోపల ఏముందో తెలియదు. తెలియనివాడు మొదట చేసే పనే నేనూ చేశాను. ఉప్పుకాగితంతో అత్తయ్య సైకిలు తుప్పు గీకి, మెరిసే నీలిరంగు కొని వేశాను. కొత్త గంట బిగించాను. మడ్‌గార్డుకు పూల బొమ్మలు అంటించాను. 380 రూపాయలు అయిపోయాయి. సైకిలు కొత్త పెళ్ళికూతురిలా ఉన్నదని అమ్మ మురిసిపోయింది. చెల్లి దానిని నడిపించుకుంటూ ఊరంతా చూపి వచ్చింది.

మరునాడు టైర్లు వేయించడానికి ఊళ్ళోని సైకిలు షాపుకు తీసుకువెళ్ళాను. ఆ షాపు నడిపే పెద్దాయనను అందరమూ బాబాయి అనే పిలుస్తాము. ఆయన రంగును మెచ్చుకోలేదు. సైకిలును తలకిందులుగా నిలబెట్టి, ముందు చక్రం విప్పి, ఫోర్కు రెండు కాళ్ళూ కలిసే చోట వేలితో తడిమాడు. తరువాత స్క్రూడ్రైవరు మొనతో నా నీలిరంగును గీశాడు. రంగు కింద వెంట్రుక మందాన ఒక చీలిక కనిపించింది.

“బాబూ, ఇది ఎప్పుడో గోతిలో పడి దెబ్బతిన్నది. నువ్వు రంగు వేసి దాన్ని కప్పావు. కాలువగట్టు మీద పోతుండగా ఇది విరిగితే అమ్మాయి ముఖం నేలకు కొట్టుకుంటుంది. సైకిలు బాగుచేయడమంటే లోపాన్ని వెతకడం, దాచడం కాదు” అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. ఆ రోజు నుంచి నెల రోజులు ప్రతి సాయంత్రం ఆ షాపులో కూర్చుని పని నేర్చుకున్నాను.

పాత సైకిలును బాగుచేయడం ఎందుకు సాధ్యమవుతుందో మొదట తెలుసుకోవాలి. 1817లో జర్మనీకి చెందిన కార్ల్ డ్రైస్ కాళ్ళతో నేలను తన్ని నడిపే రెండు చక్రాల బండిని రూపొందించాడు. 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ దాదాపు సమానమైన రెండు చక్రాలు, వెనుక చక్రాన్ని తిప్పే గొలుసు గల సైకిలును తయారుచేశాడు. 1888లో జాన్ బాయ్డ్ డన్‌లప్ గాలి నింపిన టైరును తెచ్చాడు. నేటికీ మన వీధులలో కనిపించే సైకిలు స్వరూపం స్థూలంగా అదే. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత మన దేశంలో సైకిళ్ళ తయారీ ఊపందుకున్నది. మద్రాసులో టి.ఐ. సైకిల్స్ 1949లో, సోనీపత్‌లో అట్లాస్ 1951లో, లూధియానాలో హీరో 1956లో ప్రారంభమయ్యాయి. ఈ సంస్థల పెద్ద సైకిళ్ళన్నీ పాత ఇంగ్లీషు నమూనానే అనుసరించాయి. కాబట్టి ఒకరి సైకిలుకు మరొకరి విడిభాగం చాలావరకు సరిపోతుంది. అట్లాస్ కర్మాగారంలో 2020లో ఉత్పత్తి నిలిచిపోయినా, ఆ సైకిళ్ళు గల ఇళ్ళకు టైరు, గొలుసు, గోళీలు దొరకకుండా పోలేదు. తాతయ్య 1968లో కొన్న సైకిలుకు 2012లో టైరు దొరకడానికి కారణం ఈ కొలతల స్థిరత్వమే. 28 అంగుళాల చక్రం, ఒకటిన్నర అంగుళాల టైరు అంటే చాలు, షాపువాడు మారు ప్రశ్న వేయడు.

బాబాయి నేర్పిన మొదటి పాఠం పరీక్ష. పైసా ఖర్చు పెట్టకముందే సైకిలు అంతటినీ పరీక్షించాలి. ఫ్రేము కడ్డీలు కలిసే ప్రతి అతుకునూ గుడ్డతో తుడిచి వెలుతురులో చూడాలి. ముందు భాగంలో, హాండిలు దిగువన, కడ్డీ అడుగువైపు రంగు ముడతలు పడి ఉంటే ఆ సైకిలు ఎప్పుడో దేనికో గట్టిగా గుద్దుకున్నదని అర్థం. తుప్పు రెండు రకాలు. పైపైన పట్టిన తుప్పు గీకితే పోతుంది. లోపలికి తిన్న తుప్పు వేరు. అక్కడ స్క్రూడ్రైవరు మొనతో నొక్కితే లోహం గుంటపడుతుంది. అలాంటి ఫ్రేమును ఇనుప సామానుకు వేయవలసిందే తప్ప అతుకులు వేసి పిల్లలకు ఇవ్వకూడదు.

తరువాత చక్రాలు. పాత పెద్ద సైకిళ్ళకు సాధారణంగా ముందు చక్రానికి 32, వెనుక చక్రానికి 40 స్పోకులు ఉంటాయి. బరువంతా వెనుక పడుతుంది గనుక అక్కడ ఎనిమిది ఎక్కువ. ఒక్కొక్క స్పోకును వీణ తీగలా వేలితో మీటాలి. బిగువుగా ఉన్నవి ఒకే విధంగా పలుకుతాయి. వదులైనది మొద్దుగా పలుకుతుంది. చక్రాన్ని గిరగిర తిప్పి, బ్రేకు రబ్బరుకూ రిమ్ముకూ మధ్య సందును చూడాలి. ఆ సందు ఒకచోట పెరిగి ఒకచోట తగ్గుతుంటే రిమ్ము వంకరపోయినట్లు. స్పోకుల బిగువును సవరించి ఆ వంకర తీయవచ్చు. ఈ పనికి అనుభవం కావాలి. కాబట్టి దానిని బాబాయికే వదిలాను.

గొలుసును కొలిచి చూడడం అందరికీ సాధ్యమే. ఒక పిన్ను నడుమ నుంచి స్కేలు పెట్టి 12 అంగుళాలు కొలిస్తే, సరిగ్గా అక్కడ మరొక పిన్ను నడుమ భాగం రావాలి. అది అంగుళంలో ఎనిమిదవ వంతు ముందుకు జరిగి ఉంటే గొలుసు అరిగి సాగిందని తెలుసుకోవాలి. అరిగిన గొలుసును అలాగే వాడితే అది పళ్ళచక్రాల పళ్ళను కూడా తినివేస్తుంది. చౌక భాగాన్ని మార్చక, ఖరీదైన భాగాన్ని పోగొట్టుకోవడం అవివేకం.

ఇక విప్పడం. ఇక్కడ కొత్తవారు పొరపడే చోట్లు రెండు ఉన్నాయి. కుడి పెడలు మర మామూలుగా అపసవ్యంగా తిప్పితే ఊడుతుంది. ఎడమ పెడలు మర దీనికి విరుద్ధం. తొక్కుతున్నప్పుడు ఊడిపోకుండా ఉండడానికి చేసిన ఏర్పాటు అది. ఈ సంగతి తెలియక బలం ఉపయోగిస్తే మర చెడుతుంది. పెడళ్ళ ఇరుసు తిరిగే గొట్టంలో కుడివైపు కప్పుకూ ఇలాగే విరుద్ధమైన మర ఉంటుంది. ఇరుసుకు పెడలు చేతిని బిగించే కాటర్ పిన్నును కొట్టేటప్పుడు దాని కింద గట్టి ఆధారం పెట్టాలి. లేకపోతే దెబ్బ బరువంతా గోళీల మీద పడి కప్పులు గుంటలు పడతాయి.

చక్రాలలో, ఇరుసులో, హాండిలు మెడలో తిరిగే ఉక్కు గోళీలను వేరువేరు పళ్ళేలలో వేసుకోవాలి. ముందు చక్రం గోళీ ఒక కొలత, వెనుక చక్రం గోళీ మరొక కొలత. కలిపివేస్తే విడదీయడం కష్టం. ఒక కప్పులో పాత గోళీలు కొన్ని, కొత్తవి కొన్ని కలపరాదు. కొత్తవి కాస్త పెద్దవిగా ఉండి, బరువంతా వాటి మీదనే పడి త్వరగా చితుకుతాయి. పూర్వం ఈ భాగాలను కిరసనాయిలుతో కడిగేవారు. ఇప్పుడు మెకానిక్కులు ఎక్కువగా డీజిలు వాడుతున్నారు. ఏది వాడినా పొయ్యికి, నిప్పుకు దూరంగా, గాలి ఆడే చోట చేయాలి. కడిగి ఆరబెట్టి, కొత్త గ్రీజు పెట్టి, గోళీలు పేర్చి, కోను బిగించాలి. మరీ బిగిస్తే చక్రం తిరగదు. మరీ వదులైతే పక్కలకు ఊగుతుంది. చక్రం పక్కకు కదలక, వదిలితే దానంతట అదే మెల్లగా తిరిగి, బరువైన చోటు కిందికి వచ్చి నిలవాలి. అది సరియైన బిగువు.

తుప్పు వదిలించడానికి ఖరీదైన మందులు అవసరం లేదు. మెరుపు పూత ఉన్న రిమ్ముల మీద అల్యూమినియం కాగితాన్ని ఉండచుట్టి, నీటిలో ముంచి రుద్దితే పైపై తుప్పు పోతుంది. ఆ తరువాత తుడిచి నూనె గుడ్డ రాయాలి. తాతయ్య తన సైకిలుకు రంగు వేయనివ్వలేదు. “సంచి రాపిడి పడిన చోటు అలాగే ఉండనీరా. నూనె రాయి, చాలు” అన్నారు. అలాగే చేశాను. రంగు ఖర్చు మిగిలింది.

బాబాయి అన్నిటికంటే ఎక్కువ సమయం వెచ్చించినది బ్రేకుల మీద. పాత సైకిలు బ్రేకు కడ్డీలు రబ్బర్లను పైకి లాగి రిమ్ము లోపలి అంచుకు ఒత్తుతాయి. ఏళ్ళు గడిచిన రబ్బరు చూడడానికి బాగానే ఉన్నా రాయిలా గట్టిపడుతుంది. అది పట్టదు. కాబట్టి అరుగుదలతో నిమిత్తం లేకుండా మార్చవలసిందే. బ్రేకు పరీక్షకు ఆయన ఒక పద్ధతి చెప్పాడు. సైకిలు పక్కన నిలబడి ముందు బ్రేకు పట్టుకొని ముందుకు తోస్తే వెనుక చక్రం పైకి లేవాలి. వెనుక బ్రేకు పట్టుకొని తోస్తే వెనుక చక్రం తిరగక నేల మీద ఈడ్చుకుపోవాలి. ఈ రెండూ జరగకపోతే ఆ సైకిలు వాకిలి దాటకూడదు. ఉక్కు రిమ్ము తడిస్తే బ్రేకు సరిగా పట్టదన్న సంగతీ గుర్తుంచుకోవాలి. వానలో నెమ్మదిగా వెళ్ళాలి. ఆపవలసిన చోటుకు చాలా ముందుగానే బ్రేకును మెల్లగా ఒత్తి రిమ్ము మీది నీటిని తుడవాలి.

ఇక లెక్క. నా చేతిలో మిగిలినవి 1,620 రూపాయలు. బాబాయి కాగితం మీద ఒక గీత గీశాడు. గీతకు పైన ప్రాణానికి సంబంధించినవి, కింద సౌఖ్యానికి, అందానికి సంబంధించినవి రాయమన్నాడు. పైభాగం నిండేవరకు కిందికి దిగకూడదని నియమం. ఆ వేసవిలో మేము రాసుకున్న లెక్క ఇది:

అత్తయ్య సైకిలుకు కొత్త ఫోర్కు: 220 రూపాయలు
అదే సైకిలుకు రెండు టైర్లు, రెండు ట్యూబులు: 480 రూపాయలు
తాతయ్య సైకిలుకు వెనుక టైరు, ట్యూబు: 240 రూపాయలు
రెండు పెద్ద సైకిళ్ళకు బ్రేకు రబ్బర్లు: 80 రూపాయలు
అత్తయ్య సైకిలుకు గొలుసు: 90 రూపాయలు
గోళీలు, కాటర్ పిన్నులు, గ్రీజు: 140 రూపాయలు
స్పోకులు, రిమ్ముల వంకర తీసిన కూలి: 120 రూపాయలు
చిన్న సైకిలుకు ట్యూబు, బ్రేకు రబ్బర్లు: 75 రూపాయలు
వెనుక మెరిసే ఎర్ర బిళ్ళలు: 45 రూపాయలు
మొత్తం: 1,490 రూపాయలు

మిగిలిన 130 రూపాయలు నాన్నకు ఇవ్వబోతే, పంచరు అతికే సామాను, రెండు స్పానర్లు కొనుక్కోమని తిరిగి నాకే ఇచ్చారు. నేటి ధరలు వేరు. అంకెలు మారుతాయి కాని, వరుస మారదు. నేను మొదట ఖర్చుచేసిన 380 రూపాయలలో ఒక్క రూపాయి కూడా గీతకు పైన లేదని ఆ కాగితం చూసినప్పుడు తెలిసింది. బాబాయి తన కూలిని చాలావరకు వదులుకున్నాడు. నాన్న మా చేలో పండిన మినుములు ఒక సంచిలో పోసి ఆయన ఇంటికి పంపారు.

డబ్బుతో కొననివి కూడా కొన్ని ఉన్నాయి. పాత ట్యూబును పట్టీగా కోసి, స్పోకుల మొనలు కొత్త ట్యూబుకు గుచ్చుకోకుండా రిమ్ము లోపల చుట్టాము. మరొక సైకిలు నుంచి ఊడదీసిన గొలుసు కప్పును, చీర చక్రంలో పడకుండా కాపాడే జాలీని సరిచేసి అత్తయ్య సైకిలుకు బిగించాము. చీర కొంగు, చున్నీ చక్రంలో చిక్కి ఎందరో పడిపోయారు. చిన్న పిల్లలను వెనుక కూర్చోబెట్టుకొన్నప్పుడు వారి పాదాలు స్పోకులలో పడడం మరొక ప్రమాదం. అందువల్ల తాతయ్య సైకిలుకు కాళ్ళు పెట్టుకొనే కడ్డీలు బిగించి, చక్రానికి రెండు పక్కలా జాలీ కట్టాము. కుటుంబం కోసం సిద్ధం చేసే సైకిలులో తొక్కేవాడి సౌఖ్యం ఒక్కటే చూస్తే చాలదు. వెనుక కూర్చున్నవారి క్షేమం కూడా చూడాలి.

ఎవరికి ఏ సైకిలు అన్నది కూడా ఆలోచించవలసిన విషయమే. పైకడ్డీకి అటూ ఇటూ కాళ్ళు వేసి నిలబడితే రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలి. ఆనకపోతే అది తనకు మించిన సైకిలు. సీటు మీద కూర్చొని, పెడలు అడుగున ఉన్నప్పుడు మడమను దాని మీద ఉంచితే కాలు నిటారుగా రావాలి. సీటుకు అది సరియైన ఎత్తు. ఎదుగుతారులే అని పెద్ద సైకిలు ఇవ్వడం చెప్పుల విషయంలో చెల్లుతుందేమో గాని, సైకిలు విషయంలో చెల్లదు. తాతయ్య సైకిలు నాన్నకు, అత్తయ్య సైకిలు చెల్లికి, చిన్నది తమ్మునికి సరిపోయాయి. చెల్లి ఇంట్లో ఉన్న వేళ ఆమె సైకిలును అమ్మ నేర్చుకున్నది. అప్పటికి అమ్మకు నలభై ఏళ్ళు.

మా ప్రాంతం కృష్ణా డెల్టా. నేల సమతలం. అక్కడ గేర్లు లేని సైకిలు చాలు. తాతయ్య సైకిలుకు ముందు పళ్ళచక్రానికి 44 పళ్ళు, వెనుక ఫ్రీవీలుకు 18 పళ్ళు. పెడలు ఒక్క చుట్టు తిరిగితే చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. అంటే ఒక్క తొక్కుడుతో అయిదు మీటర్లకు పైగా సాగుతుంది. మనిషి తన కండబలంతోనే నడకకంటే మూడు నాలుగు రెట్లు వేగంగా పోగలగడం ఈ చిన్న ఏర్పాటు చేసే మహోపకారం.

జూన్ నెలలో చెల్లి మొదటిసారి కళాశాలకు సైకిలు మీద బయలుదేరింది. నాన్న తాతయ్య సైకిలు ఎక్కి ఆమె వెంట కాలువగట్టు మలుపు వరకు వెళ్ళారు. మలుపు దగ్గర ఆగిపోయి, ఆమె కనుమరుగయ్యేవరకు నిలబడి తిరిగివచ్చారు. తరువాత ఎన్నడూ ఆయన “ఈ యేడు ఆగుదాం” అన్న మాట ఎత్తలేదు.

మా ఇంట్లో జరిగింది చిన్న సంగతి. ఇదే సంగతి పెద్ద ఎత్తున జరిగిన సందర్భాలు ఉన్నాయి. తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో 1990ల తొలినాళ్ళలో అక్షరాస్యత ఉద్యమంలో భాగంగా గ్రామీణ స్త్రీలకు సైకిలు నేర్పారు. వేలాది మంది స్త్రీలు నేర్చుకొని, బస్సు కోసం, భర్త కోసం ఎదురుచూడకుండా తమ పనులు తాము చేసుకోసాగారు. బీహారు ప్రభుత్వం 2006లో తొమ్మిదవ తరగతి చేరిన బాలికలకు సైకిలు కొనుక్కోవడానికి 2,000 రూపాయల చొప్పున ఇచ్చింది. ఆ పథకం వల్ల ఉన్నత పాఠశాలలో బాలికల చేరిక సుమారు 30 శాతం పెరిగిందని 2017లో వెలువడిన ఆర్థికశాస్త్ర పరిశోధన తెలిపింది. ఆ ప్రభుత్వం ఒక బాలికకు ఇచ్చిన మొత్తమూ, మా నాన్న నా చేతిలో పెట్టిన మొత్తమూ ఒకటే అని తెలిసినప్పుడు నాకు ఆశ్చర్యం కలిగింది. ఐక్యరాజ్యసమితి 2018లో జూన్ 3వ తేదీని ప్రపంచ సైకిలు దినోత్సవంగా ప్రకటించింది.

బాగుచేసిన సైకిలును మళ్ళీ పాడుకానివ్వకపోవడం చివరి పాఠం. వారానికొకసారి గాలి చూసుకోవాలి. గాలి తక్కువైతే టైరు అంచులు చీలిపోతాయి. నెలకొకసారి గొలుసును తుడిచి రెండు మూడు చుక్కల నూనె వేయాలి. ఎక్కువ వేస్తే దుమ్ము అంటుకొని అరుగుదల పెరుగుతుంది. ఏటా వానల ముందు బ్రేకు రబ్బర్లు, స్పోకులు పరీక్షించాలి. ఈ పనులన్నీ ఎవరికి వారు చేసుకోదగినవే. విప్పి చూడగలిగిన యంత్రం మనకు తెలియనిదేమీ దాచదు. అది మనలను ఇతరుల మీద ఆధారపడనివ్వదు.

చెల్లి రెండు సంవత్సరాలు ఆ సైకిలు మీదనే వెళ్ళి ఇంటర్మీడియట్, ఆ తరువాత పట్టణంలో ఉండి డిగ్రీ పూర్తిచేసింది. ఇప్పుడు ఆ సైకిలు మా పొరుగింటి అమ్మాయి తొక్కుతున్నది. ఇచ్చేముందు చెల్లి దానిని తలకిందులుగా నిలబెట్టి, ఫోర్కు కాళ్ళు కలిసే చోట వేలితో తడిమి చూసింది. నీలిరంగు చాలాచోట్ల పోయింది. దానికి మళ్ళీ రంగు వేయాలన్న ఆలోచన మాలో ఎవరికీ రాలేదు. బ్రేకు రబ్బర్లు మాత్రం కొత్తవి వేసి ఇచ్చాము.

కఠిన పదాలకు అర్థాలు

బట్వాడా = పంచిపెట్టడం, చేరవేయడం
వివేచన = మంచి చెడ్డలను విడదీసి ఆలోచించడం
ఉత్తీర్ణురాలు = పరీక్షలో నెగ్గినది
స్థూలంగా = మొత్తం మీద
అపసవ్యంగా = గడియారపు ముల్లు తిరిగే దిశకు విరుద్ధంగా
నిమిత్తం = సంబంధం, కారణం
సౌఖ్యం = సుఖం
సమతలం = ఎగుడు దిగుడులు లేనిది

ప్రశ్నలు

అ) క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. పాత సైకిలును బాగుచేసేముందు చేయవలసిన పరీక్షలను వివరించండి.
2. “సైకిలు బాగుచేయడమంటే లోపాన్ని వెతకడం, దాచడం కాదు.” ఈ మాటను పాఠం ఆధారంగా సమర్థించండి.

ఆ) క్రింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. బాబాయి కాగితం మీద గీత గీయడంలోని ఆంతర్యం ఏమిటి?
2. కుటుంబం కోసం సైకిలును సిద్ధం చేసేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు ఏవి?
3. 1968 నాటి సైకిలుకు 2012లో టైరు దొరకడానికి కారణమేమిటి?

ఇ) క్రింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. గాలి నింపిన టైరును ఎవరు, ఎప్పుడు తెచ్చారు?
2. పాత పెద్ద సైకిలు వెనుక చక్రానికి సాధారణంగా ఎన్ని స్పోకులు ఉంటాయి?
3. తాతయ్య తన సైకిలుకు ఏమి చేయనివ్వలేదు?

ఈ) సందర్భ సహిత వ్యాఖ్య రాయండి.
1. “ఈ యేడు ఆగుదాంలే, వచ్చే యేడు చూద్దాం.”
2. “నువ్వు రంగు వేసి దాన్ని కప్పావు.”

ఉ) వ్యాకరణాంశాలు
మహోపకారం = మహా + ఉపకారం (గుణసంధి)
కాలువగట్టు = కాలువ యొక్క గట్టు (షష్ఠీ తత్పురుష సమాసం)
మూడు సైకిళ్ళు = మూడైన సైకిళ్ళు (ద్విగు సమాసం)

ఊ) చేయదగిన పని
మీ ఇంట్లో వాడకుండా ఉన్న ఒక వస్తువును పరీక్షించి, దానిని బాగుచేయడానికి అయ్యే ఖర్చును అవసరమైనవి, అలంకారమైనవి అని రెండు వరుసలుగా రాసి తరగతిలో చర్చించండి.